పులి-మేక ఆటను నాలుగు రకాలుగా చేసి చూశాను: స్క్రాచ్, పైగేమ్, బ్రౌజర్, గోడో – మీకేది సరిపోతుంది?

మా ఊరి రామాలయం అరుగు మీద పులి-మేక పటం చెక్కి ఉంటుంది. ఎవరు చెక్కారో ఎవరికీ గుర్తు లేదు. గీతలు అరిగిపోయి, వాన పడినప్పుడు నీళ్ళు నిలిచి ఇంకా బాగా కనపడతాయి. మా పెదనాన్న కూర్చుంటే మేకల వైపే ఆడతారు. చింతగింజలు మేకలు, చిన్న గులకరాళ్ళు పులులు. ఇప్పుడా అరుగు మీద పిల్లలు కూర్చుంటున్నారు గానీ చేతిలో ఫోన్ ఉంటోంది. సరే, ఆ పటాన్నే ఫోన్‌లోకి తెస్తే ఏమవుతుందని మొదలుపెట్టాను.

పగలు అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టు లెక్కలు చూస్తాను. కోడ్ రాసేది రాత్రి భోజనాలయ్యాక. చదువుకున్నది కామర్స్, ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నదే. అందుకే "అన్నా, నాకూ ఒక ఆట చేయాలనుంది, దేంతో మొదలుపెట్టమంటావ్?" అని అడిగేవాళ్ళ టెన్షన్ నాకు బాగా తెలుసు. వీడియోలు చూస్తే ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు ఇంకొకటి. నేను అదే ఆటను నాలుగు పనిముట్లతో చేశాను కాబట్టి నాలుగింటినీ ఒకే కొలతతో కొలిచి చెప్పగలను.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది మీ కంప్యూటర్. నాది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మన వైపు చాలా ఇళ్ళలో ఉన్నది ఇలాంటిదే.

రెండోది నెట్. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికేవాళ్ళకి, మూడు నాలుగు జీబీల డౌన్‌లోడ్ అంటే రెండు మూడు రోజుల పని. దానికితోడు అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను పడితే కరెంటూ ఉండదు, టవరూ ఉండదు. నెట్ లేకుండా కూడా పని సాగాలి.

మూడోది తెలుగు అక్షరాలు. దీన్ని ఎవరూ ముందు చూసుకోరు. ఆట అంతా అయ్యాక చివర్లో బటన్ మీద తెలుగు రాయబోతే అప్పుడు బయటపడుతుంది.

నాలుగోది, మీ ఆటను ఎవరు ఆడతారు, దేని మీద ఆడతారు. నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. మన ఆట ఆడేవాళ్ళు మన చుట్టాలు, స్నేహితులు. వాళ్ళ దగ్గర ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్.

ఐదోది లైసెన్సు, అంటే ఆ పనిముట్టును ఏ షరతుల మీద వాడుకోనిస్తున్నారన్నది. దీని గురించి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొట్టమొదట ఆటలు చేసింది ఒక ఉచిత సైట్‌లో. అంతా ఆన్‌లైన్‌లోనే, లాగి పడేస్తే బొమ్మలు కదిలేవి. రెండేళ్ళు కూర్చుని పడవ పందేల ఆట ఒకటి చేశాను. ఒకరోజు ఆ సైట్ మూసేస్తున్నామని మెయిల్ వచ్చింది. నా ఆటను దించుకోవడానికి దారి లేదు. దించుకున్నా, దాన్ని నడిపే ప్రోగ్రామ్ వాళ్ళ దగ్గరే ఉంది. ఆ రెండేళ్ళ పనిలో ఇప్పుడు నా దగ్గర మిగిలింది రెండు స్క్రీన్‌షాట్లు. అప్పటినుంచి ఏ పనిముట్టు పట్టుకున్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని చేసినవాళ్ళు రేపు కొట్టు కట్టేస్తే నా పని నా దగ్గర బతికి ఉంటుందా?

పటంలోని లెక్క

పోలికలోకి వెళ్ళేముందు ఆట గురించి నాలుగు ముక్కలు. మా అరుగు మీది పటంలో పైన ఒక శిఖరం, దాని కింద ఆరేసి చుక్కలున్న మూడు వరుసలు, అడుగున నాలుగు చుక్కలు. మొత్తం 23. పులులు 3, మేకలు 15. మేకల్ని ఒక్కొక్కటిగా పెడతారు, అన్నీ పెట్టాకే కదపాలి. పులి పక్క చుక్కలోకి జరగొచ్చు, లేదా గీత వెంట మేకను దాటి అవతల ఖాళీగా ఉంటే దూకొచ్చు. దూకితే ఆ మేక పోయినట్టే. పులులన్నిటినీ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

మొదట్లో నేను ప్రతి చుక్కకీ పక్క చుక్కలేవో, ఎక్కడినుంచి ఎక్కడికి దూకొచ్చో చేత్తో రాసుకుంటూ పోయాను. తప్పులే తప్పులు. ఒక రాత్రి నోట్‌బుక్‌లో పటం మళ్ళీ గీస్తుంటే తట్టింది: ఇవి 23 చుక్కలు కాదు, 10 గీతలు. అడ్డంగా నాలుగు, శిఖరం నుంచి అడుక్కి దిగేవి నాలుగు, పక్కల నిలువుగా రెండు. ఒక్కో గీత మీద వరసగా ఉన్న చుక్కల పేర్లు రాస్తే చాలు. గీత మీద పక్కపక్కనున్న రెండు చుక్కలూ ఇరుగుపొరుగు. వరసగా ఉన్న ఏ మూడు చుక్కలైనా ఒక దూకుడు. ఆరు చుక్కల గీత మీద అలాంటి మూళ్ళు నాలుగు, ఐదు చుక్కల గీత మీద మూడు. మొత్తం కలిపితే 28 మూళ్ళు. రెండు వైపులా దూకొచ్చు కాబట్టి 56 దూకుళ్ళు. ఇవన్నీ కంప్యూటరే లెక్కేసుకుంటుంది, నేను రాసింది పది వరసలు.

ఈ పది వరసల్నీ ఒక్కో పనిముట్టు ఎలా తీసుకుంది అన్నదాంట్లోనే వాటి స్వభావం బయటపడింది.

స్క్రాచ్

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో పిల్లల కోసం బయటికి తెచ్చినది. రంగు దిమ్మెలు ఒకదాని కింద ఒకటి అతికిస్తే ప్రోగ్రామ్. టైపింగ్ తప్పులుండవు. ఆఫ్‌లైన్ యాప్ ఉంది కాబట్టి ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. దాని సైట్‌లో ఎవరు పంచుకున్న ఆటనైనా లోపలికి వెళ్ళి దిమ్మెలు చూడొచ్చు, మార్చుకుని మనది చేసుకోవచ్చు. పదేళ్ళ పిల్లకి "వేరేవాళ్ళ కోడ్ చదవడం" అనే అలవాటు ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు.

నా పది గీతల దగ్గర మాత్రం స్క్రాచ్ ఆగిపోయింది. దాంట్లో లిస్టులు (విలువల్ని వరసగా దాచుకునే పట్టికలు) ఉన్నాయి గానీ, లిస్టులో లిస్టు పెట్టడం కుదరదు. పది గీతల్నీ ఒకచోట పెట్టలేక, 56 దూకుళ్ళనూ మూడు పొడుగాటి లిస్టులుగా రాశాను: ఎక్కడినుంచి, దేని మీదుగా, ఎక్కడికి. పని జరిగింది. అయితే ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు దాన్ని చూసి "మావయ్యా, ఇదంతా నువ్వే టైప్ చేశావా?" అంది. ఆ ప్రశ్న వచ్చిందంటే స్క్రాచ్ దాటే సమయం వచ్చిందన్నమాట. ఎగరడం, తప్పించుకోవడం, పట్టుకోవడం లాంటి ఆటలకి ఇది హాయిగా ఉంటుంది. పులి-మేక లాంటి పలకాటలకి, లెక్క ఎక్కువున్న ఆటలకి ఇరుకవుతుంది.

పైథాన్, పైగేమ్

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎలాగూ ఇంజనీరింగ్ కాలేజీల్లో చెబుతున్నారు, సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లోనూ ఉంది. అందుకని చాలామంది మొదట ఇటే చూస్తారు. పైగేమ్ అంటే పైథాన్‌తో ఆటలు చేయడానికి 2000 నుంచీ ఉన్న లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్ మూట), ఓపెన్ సోర్స్, అంటే దాని లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. పాత లాప్‌టాప్ మీద కూడా చక్కగా నడుస్తుంది, డౌన్‌లోడ్ చిన్నది. పది గీతల్ని పది లిస్టులుగా రాస్తే, 28 మూళ్ళూ రెండు మూడు వరసల లూప్‌లో వచ్చేశాయి. ఆట బుర్ర, అంటే నియమాల లెక్క, తయారుచేయడానికి ఇంతకన్నా సుఖమైనది నాకు తెలియదు. పులి తరఫున కంప్యూటరే ఆడేలా చేయడం కూడా ముందు దీంట్లోనే చేశాను.

చిక్కు తెలుగు దగ్గర వచ్చింది. "మళ్ళీ ఆడు" అని బటన్ పెట్టాను. తెర మీద "మళ్‌ళీ ఆడు" అని వచ్చింది. రెండు ళ-లు పక్కపక్కన నిలబడి, మొదటిదాని నెత్తిన పొల్లు. పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఒరేయ్, ఒత్తు ఎక్కడికి పోయిందిరా?" అన్నారు. కారణమేంటంటే, కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ఒత్తుకి విడిగా అంకె లేదు. ళ, పొల్లు, మళ్ళీ ళ అని మూడు అంకెలుంటాయి. వాటిని కలిపి ఒత్తుగా మలచడం, అక్షరాలు గీసే ప్రోగ్రామ్ చేయాల్సిన పని. మామూలుగా వాడితే పైగేమ్ ఆ పని చేయదు. మాటల్ని బొమ్మలుగా తయారుచేసి అతికించి గట్టెక్కాను. నాలుగు మాటల ఆటకైతే సరే. కథ నడిచే ఆటకి అది నరకం.

ఇంకొకటి ఫోన్. పైగేమ్ ఆటను ఆండ్రాయిడ్‌లోకి తీసుకెళ్ళే దారులున్నాయి గానీ తిన్నగా లేవు. మొదటి ఆటకే ఆ దారి పట్టొద్దు.

బ్రౌజర్

దీన్ని పనిముట్టు అని ఎవరూ అనుకోరు. నోట్‌ప్యాడ్ లాంటిది ఒకటి, బ్రౌజర్ ఒకటి ఉంటే చాలు, రెండూ మీ దగ్గర ఉన్నవే. డౌన్‌లోడ్ సున్నా. పేజీని అమర్చే హెచ్‌టీఎమ్‌ఎల్, దాన్ని ఆడించే జావాస్క్రిప్ట్ ఒకే ఫైల్‌లో రాసుకోవచ్చు. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, బహిరంగ ప్రమాణాల మీద నడిచేది. 1990ల్లో రాసిన మామూలు పేజీలు ఇప్పటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటాయి. రెండేళ్ళ పని పోగొట్టుకున్న నాకు ఈ మాట ఎంత ధైర్యమో చెప్పలేను.

తెలుగు విషయంలో అసలు ఏమీ చేయనక్కర్లేదు. "మళ్ళీ ఆడు" అని రాస్తే "మళ్ళీ ఆడు" అనే వచ్చింది. పెదనాన్న కోసం అక్షరాలు పెద్దవి చేయడం కూడా ఒక్క అంకె మార్చినంత పని.

కిందటి సంక్రాంతికి దీన్ని పరీక్ష చేశాను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరబోతూ, ఇంటికొచ్చిన పిల్లలందరి ఫోన్లకీ ఆ ఫైల్ వాట్సాప్‌లో పంపాను. బొమ్మలన్నీ గీతలతోనే గీశాను కాబట్టి 30 కేబీ కూడా లేదు, ఒక ఫోటోలో ఎన్నో వంతో. ఐదు ఫోన్లలో నాలుగింట్లో నొక్కగానే బ్రౌజర్‌లో తెరుచుకుంది. ఒకదాంట్లో ఏ యాప్‌తో తెరవాలని అడిగింది, క్రోమ్ అని చెబితే సరిపోయింది. చేల గట్ల మీద ప్రభలు (దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకొచ్చే అలంకరించిన కట్టడాలు) వచ్చేదాకా చెట్టు కింద కూర్చుని ఇద్దరిద్దరు ఒక్కో ఫోన్ మీద ఆడారు. అక్కడ అంత జనంలో సిగ్నల్ ఉండదు. దానికి సిగ్నల్ అక్కర్లేదు.

లోటు లేదా అంటే ఉంది. బొమ్మల్ని కదిలించడం, శబ్దాలు, తెర సైజులు, అన్నీ మీరే అమర్చుకోవాలి. పరుగులు, గెంతులు ఉన్న ఆటకి అది చాలా పని. ఆ బరువు తగ్గించడానికి ఫేజర్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, వాడుకోవచ్చు. జావాస్క్రిప్ట్ కూడా కొన్నిచోట్ల కొత్తవాళ్ళని తికమక పెడుతుంది: రెండుకి రెండు కలిపితే, ఒకటి అంకెగా, ఇంకొకటి అక్షరంగా రాసి ఉంటే, 22 వస్తుంది. ఒకసారి తెలుసుకుంటే మళ్ళీ ఆ తప్పు చేయరు.

గోడో

ఇది అసలుసిసలు గేమ్ ఇంజిన్, అంటే ఆట చేయడానికి కావాల్సినవన్నీ ఒకేచోట ఉన్న ప్రోగ్రామ్. అర్జెంటీనాకి చెందిన హువాన్ లినియెట్స్కీ, ఆరియల్ మాన్జుర్ మొదలుపెట్టారు. 2014లో ఎంఐటీ లైసెన్సు కింద సోర్సు బయటపెట్టారు. ఆ లైసెన్సు అర్థం తేలిక: వాడుకోండి, మార్చుకోండి, ఆట అమ్ముకోండి, మాకు వాటా అక్కర్లేదు, కాపీరైట్ నోటీసు మాత్రం ఉంచండి. ఇచ్చిన వెర్షన్‌ను తర్వాత వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. నా కంప్యూటర్‌లో ఉన్న గోడో నాది.

ఎడిటర్ జిప్ ఫైల్ కొన్ని పదుల ఎంబీలే. ఇన్‌స్టాల్ లేదు, విప్పి నొక్కితే నడుస్తుంది. పాత లాప్‌టాప్ అయితే కొత్త ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు "కంపాటిబిలిటీ" రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) ఎంచుకోండి. మొదట్లో అది తెలియక వారం రోజులు ఫ్యాన్ మోత వింటూ కూర్చున్నాను. గోడోలో వాడే జీడీస్క్రిప్ట్ అనే భాష చూడటానికి పైథాన్‌లాగే ఉంటుంది, పైథాన్ వచ్చినవాళ్ళు రెండు మూడు సాయంత్రాల్లో అలవాటు పడతారు. నా పది గీతల ఫైల్ దాదాపు ఉన్నదున్నట్టే ఇందులోకి వచ్చేసింది.

తెలుగు కోసం తప్పనిసరిగా 4వ వెర్షన్ వాడండి. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచే అక్షరాలు కలిపే పని సరిగ్గా చేస్తోంది. 3వ వెర్షన్‌లో పైగేమ్ కథే. ఇంకో జాగ్రత్త ఏంటంటే, గోడోతో వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ తీసుకుని బాగానే చూపిస్తుంది, ఇంకోచోటికి పంపితే అక్షరాల బదులు డబ్బాలు రావొచ్చు. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దించుకుని ఆటతోపాటే కలిపేయండి. నేను రామభద్ర పెట్టాను, లావుగా, బోర్డు రాతలా ఉంటుంది.

ఇక్కడ వదులుకోవాల్సింది ఏంటో చెప్పాలి. ఆటను బయటికి తీయడానికి కావాల్సిన ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు దాదాపు ఒక జీబీ. ఆండ్రాయిడ్‌కి తీయాలంటే జావా, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే పనిముట్ల కట్ట) కూడా ఉండాలి. ఒకసారి అమర్చుకుంటే మళ్ళీ జోలికి వెళ్ళనక్కర్లేదు గానీ, ఆ ఒక్కసారికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. తయారైన ఆట కూడా పదుల ఎంబీలు. నా 30 కేబీ ఫైల్‌తో పోలిస్తే గంపెడు మేకలకి లారీ మాట్లాడినట్టు. కానీ పులి దూకేటప్పుడు గాల్లోకి లేచి, మేక మీద పడగానే దుమ్ము లేచేలా చేయడం గోడోలో ఒక్క సాయంత్రం పని. బ్రౌజర్‌లో దానికే నాకు పది రోజులు పట్టింది.

ఒక్క చూపులో

| | స్క్రాచ్ | పైగేమ్ | బ్రౌజర్ | గోడో 4 |
|---|---|---|---|---|
| పాత లాప్‌టాప్ | ఫర్వాలేదు | బాగుంటుంది | బాగుంటుంది | కంపాటిబిలిటీతో ఫర్వాలేదు |
| డౌన్‌లోడ్ | తక్కువ | తక్కువ | లేదు | ఎడిటర్ తక్కువ, ఎక్స్‌పోర్ట్‌కి ఎక్కువ |
| తెలుగు | సరిగ్గా వస్తుంది | ఒత్తులు విడిపోతాయి | సరిగ్గా వస్తుంది | సరిగ్గా వస్తుంది, ఫాంట్ కలపాలి |
| ఫోన్‌కి పంపడం | సైట్ లింకుతో | కష్టం | ఒక్క ఫైల్ | ఒక్కసారి అమర్చుకుంటే తేలిక |
| కదిలే బొమ్మలు | తేలిక | ఓపిక ఉండాలి | ఓపిక ఉండాలి | తేలిక |

మరి మీకేది?

పన్నెండేళ్ళ లోపు పిల్లల కోసం అడుగుతుంటే స్క్రాచ్, రెండో మాట లేదు. "పెద్దయ్యాక పనికొచ్చేది నేర్పాలి" అని ఆ వయసులో పైథాన్ మీద కూర్చోబెట్టే తల్లిదండ్రుల్ని చూశాను. మూడో రోజుకి పిల్లలు లేచిపోతారు.

డిగ్రీ, బీటెక్ చదువుతూ పైథాన్ కొంచెం వచ్చినవాళ్ళు పైగేమ్‌తో ఒకే ఒక్క ఆట చేయండి. అష్టాచెమ్మా గానీ, దాడి గానీ, మీ ఊళ్ళో ఆడే ఏదైనా. బుర్ర పదునెక్కుతుంది. రెండో ఆటకి గోడోకి వెళ్ళిపోండి. పైగేమ్‌లోనే ఉండిపోయి ఫోన్‌కి తీసుకెళ్ళడానికి నెలలు తగలేసుకోవద్దు.

నాలా పగలంతా పని చేసుకుని, రాత్రి గంటో గంటన్నరో దొరికేవాళ్ళకి నా ఓటు బ్రౌజర్‌కే. గంటలో ఏదో ఒకటి తెర మీద కనపడుతుంది, మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర ఫోన్ తీసి చూపించొచ్చు. ఆ మర్నాటి పొద్దున్న లేకపోతే ఇలాంటి పనులు నెల తిరక్కుండానే అటకెక్కుతాయి. పలకాటలు, పేకాటలు, పొడుపుకథలు, తెలుగు మాటల ఆటలన్నిటికీ ఇది చాలు.

కథ, సంగీతం, పరుగులు ఉన్న పెద్ద ఆట చేయాలని, దాన్ని ప్లే స్టోర్‌లో పెట్టాలని మనసులో ఉంటే నేరుగా గోడో పట్టుకోండి.

యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజిన్ గురించి కూడా అడుగుతారు. ఉద్యోగం కోసమైతే నేర్చుకోండి, కంపెనీల్లో బాగా వాడతారు. సరదాకి మాత్రం నేను వద్దంటాను. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు, 4 జీబీ ర్యామ్ మీద నరకం. అదీగాక 2023 సెప్టెంబరులో, ఆట కొంత ఆదాయం, కొన్ని ఇన్‌స్టాళ్ళు దాటితే ఆ తర్వాత ప్రతి ఇన్‌స్టాల్‌కీ రుసుము కట్టాలని ప్రకటించారు. గొడవ పెద్దదై సడలించారు, ఏడాదికి మొత్తంగా రద్దు చేశారు. మనలాంటి చిన్నవాళ్ళ మీద ఆ రుసుము పడేది కాదు, నిజమే. కానీ నియమం మార్చే తాళంచెవి మన చేతిలో లేదన్న సంగతి ఆరోజు అందరికీ తెలిసింది.

లాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది అనేవాళ్ళు కూడా నన్ను అడిగారు. గోడో ఎడిటర్ ప్లే స్టోర్‌లో ఉంది, కాకపోతే టాబ్లెట్ అంత తెర ఉంటేనే చేతికి అందుతుంది. మామూలు ఫోన్ అయితే ఏదైనా టెక్స్ట్ ఎడిటర్ యాప్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ రాసి క్రోమ్‌లో తెరవండి. పి.గన్నవరం నుంచి ఒక కుర్రాడు ఇలాగే, పగిలిన తెర ఉన్న ఫోన్‌లో, వామనగుంటలు ఆట సగం చేసి పంపాడు. గింజలు పంచడం బాగానే వస్తోంది, చివరి గుంటలో ఎత్తుకోవడం దగ్గర తప్పుతోంది. రాత్రి ఇద్దరం కూర్చుని అదే చూస్తున్నాం.